నూట అరవై మూడు మందికి ఒకే మెయిలు

ఇన్‌స్పెక్టరు ఆ మెయిలుని మూడోసారి చదవబోతుంటే కూపీ మేడం చెయ్యెత్తి ఆపింది.

“చాలు. నాకు చెవుడు లేదు.”

“మీకు బాగా అర్థం కావాలని, మేడం.”

“ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? ‘ఈ ఉక్కలో ఉడికి చచ్చేకంటే ఇంట్లో పస్తులుండటం నయం. మూడు రోజుల నుంచి మొత్తుకుంటున్నా ఒక్కరికీ చెవికెక్కలేదు. మీ ల్యాబు మీరే ఊడ్చుకోండి. నేను పోతున్నా. నన్ను వెతకొద్దు!!!’ ఇంతేగా?”

“అంతే. తనే రాసింది, తనే పోయింది. వెతకొద్దని తనే చెప్పింది. ఇంక నేనేం వెతకను?”

గురువారం ఉదయం పదకొండూ అయిదు. మందుల ఫ్యాక్టరీ మొదటి అంతస్తులో, ల్యాబు పెద్ద గది. ఆ ల్యాబుకి పెద్ద అయిన ఆమెని ఫ్యాక్టరీలో అందరూ గారమ్మ అంటారు. గేటు కాపలా మనిషికి రాసినా, నేల తుడిచే మనిషికి రాసినా ‘గారు’ పెట్టకుండా రాయదు కాబట్టి ఆ పేరు. మంగళవారం ఉదయం 10.42కి ఆమె పేరు మీద ఆ మెయిలు ఫ్యాక్టరీ మొత్తానికీ వెళ్లింది. ఆ తర్వాత ఆమెని చూసినవాళ్లు లేరు.

బుధవారం సాయంత్రానికి ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశాడు. గారమ్మ అక్క ఊరుకోలేదు. తన రెడీమేడ్ బట్టల కొట్టు షట్టరు దించి సరాసరి కూపీ మేడం దగ్గరికి వచ్చింది. కూపీ మేడం పోలీసు ఉద్యోగం వదిలేసి ఆరేళ్లయింది. రాయి నోటి నుంచైనా కూపీ లాగుతుందని పేరు పడ్డాక, అసలు పేరు ఆమె కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఈ ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆమె కింద ట్రైనింగు అయినవాడే. అదే ఆమె తలనొప్పి.

“మా చెల్లి ఇలా రాయదండీ,” అంది అక్క, గుమ్మంలో నిలబడి. “చిన్నప్పుడు నన్ను తిట్టాలన్నా ‘అక్కగారూ, మీరు గాడిద’ అనేది.”

కూపీ మేడం గోడకేసి చూసింది. కంప్యూటరు పైన ఒక కాగితం అంటించి ఉంది. ల్యాబులో అందరికీ గారమ్మ రాసిపెట్టిన నియమాలు. ‘ఒకరికి చెప్పాల్సింది ఒకరికే రాయండి. పదిమందిని కలపకండి. తప్పు చూపేటప్పుడు పని పేరు చెప్పండి, మనిషి పేరు చెప్పకండి. ఆశ్చర్యార్థకాలు అరుపుతో సమానం.’

“ఇది గోడకి అంటించిన మనిషి, మూడు ఆశ్చర్యార్థకాలతో ఊరందరికీ మెయిలు కొట్టిందా?” అందామె. “ఎవరో ఆమె పేరుతో రాశారు.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు కంప్యూటరు ముందు కూర్చుని డ్రాఫ్టులు తెరిచాడు. పంపకుండా దాచిపెట్టిన మెయిళ్లు. నలభై ఒకటి.

“చదవండి మేడం. ‘మీరు మేనేజరు ఎలా అయ్యారో దేవుడికే తెలియాలి.’ ఇంకోటి. ‘స్టోర్సు వాళ్లకి అంకెలు రావు, అక్షరాలు రావు, సిగ్గు అసలే రాదు.’ మీ మర్యాదస్తురాలే. ఇంకా చదవనా?”

అక్క ముందుకొచ్చి రెండు లైన్లు చదివి నోరు తెరిచేసింది.

“ఓసి దీని దుంపతెగ! ఇన్ని తిట్లు వచ్చా దీనికి?”

“అమ్మా, మీరు కాసేపు కూర్చోండి,” అంది కూపీ మేడం విసుగ్గా. తను తప్పన్న సంగతి ఈ కుర్రాడి నోట వినాల్సి రావడం ఆమెకి మింగుడు పడలేదు. మళ్లీ గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లింది. చివరి నియమం ఇందాక చదవలేదు. ‘కోపం వస్తే మొత్తం రాసేయండి. ఎవరికి అన్న చోట మాత్రం ఖాళీగా ఉంచండి. మర్నాడు మళ్లీ చదవండి. పంపాలనిపించదు.’

“ఈ నలభై ఒకటిలో ఎన్నింటికి చిరునామా ఉంది?”

ఇన్‌స్పెక్టరు పైనుంచి కింది దాకా చూశాడు. “ఒక్కదానికీ లేదు.”

“అయితే ఆ మెయిలు ఆమె రాసిందే. ఒప్పుకుంటున్నాను. ఎప్పుడు రాసింది?”

“మంగళవారం పది నలభై రెండుకి. ఎన్నిసార్లు చెప్పాలి?”

“అది పంపిన టైము. నేనడిగింది రాసిన టైము.” ఆమె తల పైకెత్తింది. చల్లగాలి నెత్తిన తగులుతోంది. “ఉక్కలో ఉడికి చస్తున్నానంది. ఇక్కడ నాకు వణుకొస్తోంది.”

ఏసీ పక్కన రిపేరు కార్డు వేలాడుతోంది. ఆమె కుర్చీ లాక్కుని, ఎక్కి, దించి చూసింది. నాలుగు రోజులు పనిచేయలేదనీ, బాగుచేశామనీ తేదీతో సహా రాసి ఉంది. ఆ తేదీ వెళ్లి ఇరవై మూడు రోజులైంది.

“మూడు వారాల కిందటి కోపం ఇది. ఆవిడ రాసి, చల్లారి, మర్చిపోయింది. మంగళవారం ఎవరో దాన్ని తవ్వి తీసి చిరునామాలు నింపి పంపారు.”

“తనే పంపి ఉండొచ్చుగా? బయటికెళ్లి, ఫోనులోంచి?”

“నీ రిపోర్టు రెండో పేజీ నువ్వు చదివావా?”

“నేనే రాశాను మేడం.”

“అదే అడుగుతున్నాను, చదివావా అని. ఆమె ఫోను 10.25కి ఆగిపోయిందని ఫోను కంపెనీవాళ్లు చెప్పినట్టు రాశావు. ఆగిపోయిన ఫోనులోంచి పదిహేడు నిమిషాల తర్వాత మెయిలెలా వెళ్తుంది? నడిచా?”

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. “మీరు ఉద్యోగంలో లేరు. అది గుర్తుపెట్టుకోండి.”

“రోజూ దేవుడికి దణ్ణం పెట్టి మరీ గుర్తుచేసుకుంటున్నాను.”

ఆమె నమూనాల అలమర తెరిచింది. తయారైన ప్రతి విడత మందు నుంచి రెండేసి సీసాలు అందులో దాచిపెడతారు. రేపు ఏదైనా గొడవ వస్తే సాక్ష్యం అవే. 415కి రెండు. 416కి రెండు. 417 అని చీటీ ఉన్నచోట సీసాలు లేవు. అరలో రెండు గుండ్రటి మచ్చలున్నాయి, వాటి చుట్టూ సన్నటి దుమ్ము.

ల్యాబు రిజిస్టరు తీసింది. 417, పిల్లల దగ్గుమందు. మంగళవారం 11.30కి ‘పాస్’. కింద సంతకం గారమ్మది కాదు. ఫ్యాక్టరీ మేనేజరుది.

“ఆయన్ని పిలవండి.”

మేనేజరు రెండు నిమిషాల్లో వచ్చాడు. ఇస్త్రీ మడత చెక్కుచెదరని చొక్కా, మాట మాటకీ తేనె. వెనకాలే నోట్‌బుక్కు పట్టుకుని ఆయన సెక్రటరీ.

“తమరు అడగండి మేడం గారూ. మా వల్ల అయ్యే సాయం ఏదైనా సరే.”

“మంగళవారం పదిన్నర నుంచి పదకొండు దాకా ఎక్కడున్నారు?”

“నా గదిలోనే ఉన్నానండి.”

“ఎవరైనా చూశారా?”

“ఆ రోజు మా సెక్రటరీ గారు సెలవు. ఒక్కణ్ణే ఉన్నాను. పది నలభై అయిదుకి ఆ మెయిలు చూసేసరికి నా గుండె ఆగినంత పనైంది.”

“ఎవరైనా చూపించారా?”

“చూపించడమెందుకండీ? అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చింది. నా కంప్యూటర్లో, నా కళ్లతో నేనే చదువుకున్నాను.”

“417 మీద మీరెందుకు సంతకం పెట్టారు?”

“ల్యాబు పెద్ద అలా అర్ధాంతరంగా వదిలిపోతే పని ఆగకూడదు కదండీ. పిల్లల మందు. ఆస్పత్రులు ఎదురుచూస్తున్నాయి. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి లారీలు బయల్దేరాలి.”

“ఆ సీసాలేవి?”

మేనేజరు అలమరకేసి చూడనైనా లేదు. “ఆవిడే పట్టుకుపోయి ఉంటారు. కోపంలో మనిషి ఏం చేస్తాడో చెప్పలేం. తమరికి కాఫీ తెప్పించమంటారా?”

“వద్దు.”

“మరి సెలవు ఇప్పించండి.” ఆయన వంగి నమస్కారం పెట్టి వెళ్లాడు. సెక్రటరీ కూడా అలాగే వంగి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది.

“చూశారా, ఎంత పద్ధతైన మనిషో,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కూపీ మేడం కంప్యూటరు ముందు కూర్చుంది. మంగళవారం మెయిలు తెరిచి, చిరునామాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో అక్క రెండుసార్లు మాట్లాడించబోయి, ఆ మొహం చూసి ఊరుకుంది.

“నూట అరవై మూడు. ఈ ఫ్యాక్టరీలో మొత్తం ఎంతమంది?”

“నూట అరవై నాలుగు. ఆవిడ్ని తీసేస్తే నూట అరవై మూడు. లెక్క సరిపోయింది కదా.”

“ఆవిడ్ని తీసెయ్యలేదు.” ఆమె తెర మీద వేలు పెట్టింది. “ఇదిగో గారమ్మ చిరునామా. తన ఉత్తరం తనకే పంపుకుంటుందా ఎవరైనా? ఆమె ఇందులో ఉందంటే, ఇంకెవరో లేరన్నమాట.”

ఇన్‌స్పెక్టరు మొదటిసారి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఆమె వచ్చిన మెయిళ్లు తెరిచి కిందికి జరిపింది. సోమవారం మేనేజరు పంపిన నోటీసు ఒకటి ఉంది. బళ్లు గేటుకి అడ్డంగా పెట్టొద్దని. అదీ నూట అరవై మూడు మందికే వెళ్లింది. అవే పేర్లు, అదే వరస. పంపింది మేనేజరు కాబట్టి, అందుకునేవాళ్లలో ఆయన పేరు లేదు.

“417లో ఏదో తేడా ఉంది, ఆమె పాస్ చెయ్యలేదు. ఆయన ఇక్కడికొచ్చాడు. సీసాల కోసం. అవి దొరకలేదు. కంప్యూటరు తెరిచే ఉంది. ఆవిడ పారిపోయిందని లోకాన్ని నమ్మిస్తే, తన సంతకంతో మందు బయటికి పంపొచ్చు. డ్రాఫ్టుల్లో కావలసినట్టు రాసిపెట్టిన మెయిలు దొరికింది. తన సోమవారం నోటీసులోంచి పేర్లన్నీ గంపగుత్తగా తెచ్చి దీంట్లో పెట్టి పంపాడు. అందులో తను లేనని చూసుకోలేదు. ఆయనకి రాని మెయిలు చదివి ఆయన గుండె ఆగిందట!”

అక్క లేచి నిలబడింది. “అయితే మా చెల్లి... దాన్ని ఏం చేశాడు?”

“ఏమీ చెయ్యలేదనుకుంటాను. సీసాలు ఆయనకి దొరకలేదు, అందుకే ఈ నాటకం. ఆమె 10.25కి ఫోను ఆపేసి, సీసాలతో ఎక్కడో దాక్కుంది. మీకెందుకు చెప్పలేదు?”

అక్క తల దించుకుంది. “నా నోట్లో నువ్వుగింజ నానదు మేడం. అది దానికి తెలుసు.”

ఆ మాటతో కూపీ మేడానికి విసుగు పోయి, కాస్త జాలేసింది. పంపిన మెయిళ్లు తెరిచింది. ఏడాదివి పన్నెండు వందల పైచిలుకు, అన్నీ పనివే. ఒక్క రకం తప్ప. ప్రతి ఆదివారం ఒకటి, ఒకే మనిషికి. రిటైరైన ల్యాబు అటెండరుకి. ‘ఎలా ఉన్నారు? మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానకండి.’ ఒక్కదానికీ జవాబు లేదు. అయినా యాభై రెండు వారాలూ రాసింది.

“ఈయన ఎక్కడుంటాడు?”

“ఈ ముసలాయనా? మా కొట్టు వెనక వీధిలోనే. మేడ ఇల్లు.” అక్క ఆగిపోయింది. “మేడం! నిన్న పొద్దున ఈయన భార్య నా కొట్టుకొచ్చింది. తనకే అని రెండు నైటీలు కొంది. ఆవిడ నా భుజం దాకా కూడా ఉండదు. ఇవి కింద పారాడతాయమ్మా అంటే, పర్లేదులే అంది. అవి మా చెల్లి పొడుగండీ. ఎంత తెలివితక్కువదాన్ని, నా చేత్తోనే మడతపెట్టి ఇచ్చాను!”

కూపీ మేడం ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “పద. ముందు ఇద్దరు పోలీసుల్ని ఆ ఇంటికి పంపు. తర్వాత ఆ మేనేజరుని కదలనివ్వకు.”

“నోటిమాట మీద నేను కదలను మేడం. మూసేసిన ఫైలు తెరవాలంటే పైనుంచి అనుమతి కావాలి. మీరు చెప్పిందంతా రాతపూర్వకంగా పంపండి. పేరు, ఆధారం, చిరునామా, అన్నీ.”

“నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను!”

“రూలు రూలే.”

ఆమె పళ్లు కొరుకుతూ ఫోను తీసి నిలబడే రాసింది. జాబితాలో లేని పేరు, సోమవారం నోటీసు, 417, అటెండరు ఇంటి చిరునామా. ఇన్‌స్పెక్టరు ఒక్కడికే పంపింది. కింద రాసింది: ‘ఇది మీకు మాత్రమే.’ అప్పుడు పన్నెండూ అయిదు.

ఇన్‌స్పెక్టరు కారిడార్లోకి వెళ్లి తన ఫోనులో ఏదో నొక్కుకుంటూ నిలబడ్డాడు. రెండు నిమిషాలు. ఆ తర్వాత కారిడార్లో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ప్రతి గదిలోంచీ ఒకేసారి టింగుమని మోగింది.

కూపీ మేడం ఒక్క అంగలో బయటికొచ్చింది. “ఏం చేశావు?”

“ఏం లేదు... పైఆఫీసరుకి పంపాను. పాత మెయిలూ మీ నోటూ ఒకేచోట ఉంటే ఫైలుకి సుఖమని, ఆ మంగళవారం మెయిలులోనే మీ నోటు అతికించి...”

“ఆ మెయిలు నీకెలా వచ్చింది?”

“నిన్న ఎవరో దానికి జవాబిస్తూ నన్ను కూడా కలిపారు.”

“అయితే నువ్వు నొక్కింది అందరికీ జవాబు పోయే ‘రిప్లై ఆల్’ బటనా?”

ఇన్‌స్పెక్టరు ఫోను చూసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “వెనక్కి తీసుకుంటాను మేడం, ఒక్క నిమిషం.” గబగబా నొక్కాడు. మళ్లీ గదులన్నీ టింగుమన్నాయి. ‘ఇందాకటి మెయిలు రహస్యం, దయచేసి ఎవరూ చదవొద్దు’ అని ఈసారి అందరికీ వెళ్లింది. అంతదాకా చదవనివాళ్లు కూడా అప్పుడు చదివారు. ఎదురు గదిలోంచి ఒక తల బయటికొచ్చి ఇద్దరినీ చూసి లోపలికి పోయింది.

“నీకు ట్రైనింగిచ్చిన చెయ్యి విరగ్గొట్టుకోవాలి నేను!”

“మేడం, ఆగండి!” ఇన్‌స్పెక్టరుకి ప్రాణం లేచొచ్చింది. “ఆ లిస్టులో ఆయన లేడు! మీరే చెప్పారుగా. నూట అరవై మూడు మందికీ వెళ్లింది, ఆయనకి తప్ప!”

నిజమే. ఆయన లేడు. ఊపిరి పీల్చుకుంది. “సరే. ఎవరైనా చెప్పేలోగా ఆయన గది గుమ్మంలో ఉండాలి. నడు.”

మేనేజరు గది తలుపు తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. ముందు గదిలో సెక్రటరీ వాళ్లని చూసి లేచి నిలబడింది.

“కూర్చోండి మేడం గారూ. సారు ఇప్పుడే బయటికెళ్లారు.”

“ఎక్కడికి?”

“చెప్పలేదండీ. మెయిలు చూసి గబగబా వెళ్లారు.”

“ఏ మెయిలు?”

“అదేనండీ, పోలీసువారు పంపింది.” ఆమె మొహంలో దాపరికం లేదు. “పైన రెండు లైన్లు చూశాను, మిగతాది పెద్దదని చదవలేదు. అందరికీ పంపినవారు సారు పేరు మాత్రం వదిలేశారు. మంగళవారం కూడా అలాగే చేశారట. అప్పుడు నేను సెలవులో ఉన్నాను గానీ, లేకపోతే అప్పుడే చెప్పేదాన్ని. ఆఫీసు మొత్తానికీ వచ్చి పెద్దాయనకి రాకపోతే ఏం మర్యాదండీ అది? అందుకని రాగానే సారుకి ఫార్వర్డ్ చేశాను.”

“ఎన్నింటికి?”

“పన్నెండూ ఎనిమిదికి.”

గోడ గడియారం పన్నెండూ పదిహేను చూపిస్తోంది. కిటికీలోంచి కింద బళ్లు ఆపే చోటు కనిపిస్తోంది. మేనేజరు కారు ఉండాల్సిన గడి ఖాళీ. ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్ల మీద పరిగెడుతూ వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు.

“ఆ ఇంటికి ఎంతసేపు?” అంది కూపీ మేడం.

“కార్లో అయితే అయిదు నిమిషాలు,” అంది అక్క. తన ఫోనులో నంబరు వెతికింది. “ముసలాయన ఇంటి ఫోను ఉంది. ఇదిగో, మోగుతోంది.”

కూపీ మేడం ఆ ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. ఆరోసారి మోగాక అవతల ముసలావిడ ఎత్తింది.

“అమ్మా, నేను మీ ఇంట్లో ఉన్న అమ్మాయి అక్క తరఫున మాట్లాడుతున్నాను. తలుపు వేసెయ్యండి. ఎవరొచ్చినా తియ్యకండి. మీ ఆయన ఉన్నారా ఇంట్లో?”

“లేరమ్మా, సీసాలు పట్టుకుని పరీక్ష చేసేవాళ్ల దగ్గరికి పొద్దుననగా వెళ్లారు. సాయంత్రానికి గానీ రారు. అయినా భయమేం లేదులే. ఫ్యాక్టరీ నుంచి పెద్దసారే స్వయంగా వచ్చారు.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. ఎంత మర్యాదస్తుడమ్మా! గుమ్మంలోనే నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. అమ్మాయితో మాట్లాడాలన్నాడు.” ముసలావిడ గొంతులో గర్వం వినిపించింది. “మేడమీదికి పంపించాను.”